విశాఖ నుంచి ఒక్కరోజులో కొండల మీదికి: చిన్న గ్రూపులో, గైడ్‌తో వెళ్లి రావడం ఎలా

విశాఖపట్నం నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. సొంత కారుంటే సరే. కారు లేనివాళ్లు, ఘాట్‌లో బండి నడపడానికి భయపడేవాళ్లు, ఒంటరిగా ఊరికి వచ్చినవాళ్లు, పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవాళ్లు మాత్రం పదిమంది లోపు గ్రూపుతో, గైడ్ ఉన్న బండిలో వెళ్లడం మంచిది. ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్లు నగరంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో మంచివాళ్లను పట్టుకోవడం, ఆ ఒక్కరోజును పాడు చేసుకోకుండా గడపడం గురించే ఇదంతా. ఒక్క మాట ముందే చెప్తాను: పది స్పాట్లు చూపిస్తామన్న ప్యాకేజీని పక్కన పెట్టి, నాలుగు చూపించేదాన్ని ఎంచుకోండి. పది స్పాట్ల ట్రిప్పులో మీరు చూసేది ఎక్కువగా బండి కిటికీనే.

1. ముందు ఏ కొండో తేల్చుకోండి

విశాఖ నుంచి మన్యంలోకి, అంటే గిరిజనుల కొండ ప్రాంతంలోకి, ప్రధానంగా మూడు దారులు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా బొర్రా, అనంతగిరి, అరకు. సబ్బవరం, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు, వంజంగి. నర్సీపట్నం మీదుగా లంబసింగి. మూడూ చేరేది అల్లూరి సీతారామరాజు జిల్లాకే అయినా, ఒకే రోజులో రెండు దారులు కలపాలని చూడకండి. "పొద్దున వంజంగి, మధ్యాహ్నం అరకు" అని పోస్టర్లు కనిపిస్తుంటాయి. మనిషికి నిద్ర, డ్రైవర్‌కు ఓపిక ఉండాలి కదా. అలాంటివి రెండు రోజుల ట్రిప్పుగా అయితేనే తీసుకోండి.

ఇంట్లో పిల్లలు, అమ్మానాన్నలు ఉంటే అరకు దారి. నడవగలిగిన కుర్రాళ్లు, స్నేహితులు అయితే వంజంగి. లంబసింగి అందమంతా తెల్లవారుజామున పొగమంచు, చలి. ఎండెక్కితే ఆ మంచు ఉండదు. దానికోసం ముందురోజు రాత్రే వెళ్లి అక్కడ పడుకోవడమే సరైన పద్ధతి, ఒక్కరోజు ట్రిప్పుకి నేనైతే దాన్ని చెప్పను.

2. నెల, వారం చూసుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వర్షాకాలంలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, జలపాతాలు నిండుగా ఉంటాయి. కాకపోతే భారీ వానలకు ఘాట్‌లో కొండచరియలు విరిగిపడటం మామూలే. ఆ నెలల్లో బుక్ చేస్తే, వాతావరణ హెచ్చరిక వస్తే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అని ముందే రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో అయినా తీసుకోండి.

వారం విషయంలో నా సలహా ఒక్కటే: ఆదివారం వద్దు. డిసెంబరు, జనవరిల్లో ఆదివారాలు, క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి రోజుల్లో ఘాట్ మలుపుల్లో బండ్లు బారులు తీరతాయి, బొర్రా గుహల దగ్గర టికెట్టు కోసమే బోలెడంత సేపు పోతుంది. ఒక్క సెలవు పెట్టగలిగితే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. అదే కొండ, అదే గుహ, సగం జనం.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున దిగి, స్టేషన్ నుంచే నేరుగా ట్రిప్పు బండి ఎక్కేస్తామంటారు. రైలు గంట ఆలస్యమైతే మీకోసం మిగతా తొమ్మిదిమంది కూర్చోరు. పైగా రాత్రంతా రైల్లో సరిగా నిద్రలేక, ఆ వెంటనే ఘాట్ ఎక్కితే వాంతులు ఖాయం. ఒకరోజు సముద్రం ఒడ్డున గడిపి, మర్నాడు కొండెక్కండి.

3. డబ్బు కట్టేముందు అడగాల్సినవి

గ్రూపులో ఎంతమంది? పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌లో ఎనిమిది, పదిమంది వెళ్తే హాయిగా ఉంటుంది. అంతకుమించితే గుహలో గైడ్ మాట వెనకున్నవాళ్లకు వినిపించదు, ప్రతి చోటా ఒకరికోసం అందరూ ఎదురుచూడటంతోనే గంటన్నర ఎగిరిపోతుంది. "చిన్న గ్రూపు" అని చెప్పి, సీట్లు నిండకపోతే మిమ్మల్ని పెద్ద బస్సులోకి మారుస్తారేమో కూడా అడగండి.

గైడ్ ఎవరు? బండి నడిపేవాడే గైడ్ అంటే ఒప్పుకోవద్దు. మలుపుల్లో వెనక్కి తిరిగి కథలు చెప్పే డ్రైవర్ ఎవరికీ అక్కర్లేదు. కొండమీది ఊళ్లకు చెందిన గైడ్ ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. కాఫీ పండు ఎప్పుడు ఎర్రబడుతుందో, ఏ వారం ఎక్కడ సంత జరుగుతుందో, ఏ వాగు దగ్గర రాళ్లు జారుతాయో అతనికి తెలిసినట్టు నగరంలో ఉండి ఫోన్లు చూసుకునే మనకు తెలియదు. అతని సంపాదన కూడా ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది.

బండికి ఎల్లో బోర్డు ఉందా? తెల్ల నంబరు ప్లేటున్న సొంత బండిని అద్దెకు తిప్పుతుంటే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. నంబరు ప్లేటు ఫొటో పంపమని అడగండి, సిగ్గుపడక్కర్లేదు.

రేటులో ఏమేం ఉన్నాయి? బొర్రా టికెట్టు, కెమెరా టికెట్టు, టిఫిన్, భోజనం, కటికి జలపాతానికి జీపు, వంజంగిలో ప్రవేశ రుసుము, పార్కింగ్. ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి. "అన్నీ కలిపే సార్" అన్న జవాబుకి విలువ లేదు. తక్కువ రేటు చెప్పి దారిలో ఒక్కోటి కలుపుకుంటూ పోయేదానికంటే, కాస్త ఎక్కువైనా అన్నీ ముందే రాసిచ్చేదే నయం.

4. డ్రైవర్ నిద్ర గురించి అడగండి

ఇది విడిగా ఎందుకు రాస్తున్నానంటే, దీన్ని ఎవరూ అడగరు. వంజంగిలో సూర్యోదయం చూడాలంటే విశాఖలో అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో బయలుదేరాలి. మీరు బండిలో నిద్రపోతారు. కొండెక్కి, దిగి, టిఫిన్ తిని, తిరుగు ప్రయాణంలో మళ్లీ నిద్రపోతారు. ఆ రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషే ఎండ పొద్దున పాడేరు ఘాట్ దింపాలి. ముందురోజు పగలు కూడా అతను ఇంకో ట్రిప్పు వేసి ఉంటే? ఈ కొండల్లో నాకు భయం వేసేది ఎత్తుకి కాదు, దీనికే.

అందుకని నేరుగా అడగండి: డ్రైవర్ ముందురోజు సాయంత్రం పడుకుంటాడా? మీరు కొండ మీద ఉన్నప్పుడు అతనికి రెండు గంటలు కదలకుండా పడుకునే వీలుందా? రెండో డ్రైవర్ ఉన్నాడా? ఈ ప్రశ్నలకు చిరాకు పడేవాళ్లతో వెళ్లకండి. దారిలో అతనికి కళ్లు మూతలు పడుతున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా గైడ్‌తో చెప్పి, బండి పక్కన ఆపించండి. అరగంట ఆలస్యమైతే కొంప మునిగేదేం లేదు.

5. ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి

స్వెటర్ లేదా మందపాటి షాలు, చెవులకు మఫ్లర్. నగరంలో ఉక్కపోత చూసి పైన కూడా అంతేననుకుంటారు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నాలుగువేల అడుగులకు పైనే ఉంటారు, అక్కడి గాలి వేరు. పట్టున్న బూట్లు. చెప్పులు, హీల్స్ వద్దు. బొర్రాలో మెట్లు తడిగా ఉంటాయి, వంజంగి దారి మట్టి, రాళ్లు. చిన్న టార్చి. నగదు, అందులోనూ చిల్లర. కొండమీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే మీదే ఆధారపడితే మొక్కజొన్న కంకి కూడా కొనలేరు. దోమల క్రీము తప్పనిసరి: మన్యంలో మలేరియా ఉంది. తిరిగొచ్చిన కొద్ది వారాల్లో చలి జ్వరం వస్తే, మన్యానికి వెళ్లొచ్చానని డాక్టరుకు గుర్తుగా చెప్పండి.

ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లకు: పొద్దున్నే పూరీ, దోసె వద్దు. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీటు అడిగి తీసుకోండి, ఫోను చూడకుండా రోడ్డు చూడండి. అల్లం మురబ్బా గాని నిమ్మకాయ గాని దగ్గరుంచుకోండి. మాత్ర వేసుకోవాలంటే డాక్టరునో మందుల షాపులోనో అడిగి, ఘాట్ ఎక్కడానికి ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పని చేయదు.

6. అరకు రోజు ఎలా నడవాలి

ఉదయం ఐదున్నరకల్లా బండి కదలాలి. ఎన్‌ఏడీ జంక్షన్, పెందుర్తి దాటి ఏడు ప్రాంతంలో ఎస్.కోటలో టిఫిన్. అక్కడే బాత్రూమ్ పని కూడా చూసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు. పైకెక్కాక శుభ్రమైన టాయిలెట్లు దొరకడం కష్టం. అక్కడి నుంచి ఘాట్ మొదలు. టైడా, డముకు వ్యూ పాయింట్ల మీదుగా, గుహలు తెరిచే వేళకు, అంటే పది గంటలకు బొర్రాలో ఉండండి. మామూలుగా సాయంత్రం ఐదు వరకు తెరిచే ఉంటాయి గానీ, మొదటి గంటలో ఉండే నిశ్శబ్దం తర్వాత దొరకదు.

బొర్రాకి గంటన్నర ఇవ్వండి. నీటిలో కరిగిన సున్నం చుక్కచుక్కగా కారి, పైనుంచి వేలాడే ఊడల్లా, కిందనుంచి లేచిన స్తంభాల్లా గట్టిపడింది. గైడ్లు వాటిలో శివపార్వతులను, ఆవు పొదుగును చూపిస్తారు. వాటితో పాటు పైకప్పు మీద ఇంకా తడిగా మెరుస్తున్న చోట్లను కూడా చూపించమనండి. ఒక్క కొస మీద నీటిబొట్టు నిండి, వేలాడి, జారేదాకా కదలకుండా చూడండి. ఈ గుహలతో ముడిపడిన నది గోస్తనీ. ఇదే నది కిందికి దిగి తాటిపూడి రిజర్వాయరు నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ కుళాయిల్లో వచ్చే నీళ్లలో కొంత ఆ తాటిపూడివే. ఈ సంగతి తెలిసిన పిల్లలు గుహలో చిప్స్ ప్యాకెట్టు పారేయరు. ప్యాకెట్టు అసలు చేతిలో పట్టుకోకపోవడమే మంచిది, బయట కోతులు కాచుకుని ఉంటాయి.

గుహలోకి వెళ్లేముందే బొంగులో చికెన్‌కి ఆర్డరు చెప్పేసి వెళ్లండి. ఇది అందరూ మరిచిపోయే చిట్కా. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క వేయరు. బొంగు బయట నల్లగా మాడుతుంటే, మూతి దగ్గర ఆకుల సందుల్లోంచి నురగ వచ్చి చుయ్‌మంటుంది. తొందరపెడితే ముక్క లోపల పచ్చిగానే ఉంటుంది. మీరు గుహ చూసి వచ్చేసరికి తీరిగ్గా ఉడికి ఉంటుంది. శాకాహారులకు బొంగులోనే వేరేది చేసిపెడతారేమో గైడ్‌తో అడిగించండి.

కటికి జలపాతం బొర్రాకు దగ్గరే. అయితే జీపులో కుదుపుల దారి, ఆ తర్వాత నడక, మళ్లీ వెనక్కి. అన్నీ కలిపి రెండు గంటలకు పైనే పడుతుంది. కటికి కావాలంటే అరకులో ఏదో ఒకటి వదులుకోవాలి. గ్రూపు అంతా కలిసి ముందురోజే తేల్చుకుంటే గొడవ ఉండదు.

బొర్రా నుంచి అరకు దారిలో నేను మీకు మరీ మరీ చెప్పేది అనంతగిరి, సుంకరమెట్ట కాఫీ తోటల గురించి. ఎక్కువ బండ్లు ఇక్కడ పది నిమిషాలు ఆగి, సెల్ఫీ తీసుకుని పోతాయి. మీ గైడ్‌ని కనీసం ముప్పావుగంట ఆగమనండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, అవే చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి పండ్లు కోస్తుంటారు. తోటవాళ్లను అడిగి ఒక ఎర్రటి పండు తీసుకుని నొక్కండి. పైతోలు చీలి, రెండు గింజలు జిగటగా వేళ్ల మధ్యకి జారతాయి. ఆ జిగురు నాలుకకు తియ్యగా తగులుతుంది, కాఫీ వాసన ఇసుమంత కూడా ఉండదు. ఆ వాసన రావాలంటే తోలు తీసి, కడిగి, ఎండబెట్టి, వేయించాలి. గిరిజన ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద గింజలు ఆరబోసి ఉంటే గైడ్ ద్వారా మాట కలపండి. ఈ అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు వెనక ఉన్న చేతులు ఇవే.

మధ్యాహ్నం ఒకటిన్నరకు అరకులో భోజనం. తర్వాత గిరిజన మ్యూజియం, చాపరాయి జలపాతం, పద్మాపురం గార్డెన్స్. వీటిలో రెండు చూస్తే చాలు. పిల్లలుంటే చాపరాయి, బల్లపరుపు రాయి మీద నీళ్లు పల్చగా జారుతుంటాయి, చూడ్డానికి ఆడుకునే చోటులా ఉంటుంది. పాకుడు పట్టిన చోట మాత్రం పెద్దవాళ్లే బొక్కబోర్లా పడతారు, పిల్లల చెయ్యి వదలొద్దు. చలికాలం మొదట్లో వెళ్తే రోడ్డు పక్కన వలిసె పూలు పసుపు దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. అది పార్కు కాదు, నూనెగింజల పంట. గట్టు మీదే నిలబడి ఫొటో తీసుకోండి. రైతు పదో ఇరవయ్యో అడిగితే బేరమాడకండి, తొక్కిన మొక్కల నష్టం అంతకంటే ఎక్కువ.

సాయంత్రం నాలుగుకల్లా అరకు వదిలేయాలి. చీకటి పడకముందే ఘాట్ దిగడమే లెక్క. ఎంత బతిమాలినా ఇంకో స్పాట్‌కి ఒప్పుకోని గైడే మంచి గైడ్.

రైలు సంగతి కూడా చెప్పాలి. పొద్దున విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కి, వచ్చేటప్పుడు రోడ్డు మీద రావడం చాలా మంచి ఏర్పాటు. పర్యాటక శాఖ ప్యాకేజీల్లో కూడా ఈ పద్ధతి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తేవడానికి 1960ల్లో కొండలను తొలిచి వేసిన లైను ఇది. దీని మీద సిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. సొరంగం రాగానే పిల్లలు ఒక్కసారిగా కేకలు పెడతారు, పెద్దవాళ్లు కూడా. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ బోగీలో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి తేదీ ఖాయమైన రోజే బుక్ చేయండి. రైల్లో వెళ్తే అరకు చేరేసరికే పొద్దెక్కిపోతుంది, అందుకే బొర్రాను తిరుగు దారిలో పెట్టుకోవాలి. గుహలు మూసే వేళ గైడ్‌కి గుర్తుచేస్తూ ఉండండి.

7. వంజంగి అయితే

పాడేరుకు దగ్గర్లో ఉన్న ఈ కొండపైకి చివర్లో నడిచే ఎక్కాలి. చీకట్లో, చలిలో, టార్చి వెలుగులో. అలవాటు లేనివాళ్లకు ఆయాసం వస్తుంది. గైడ్ గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే నడిపించాలి, చివర ఒకరు కాపలాగా ఉండాలి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే చెప్పండి, దాచొద్దు.

పైన కూర్చున్నాక మబ్బులు కాళ్ల కింద పాలసముద్రంలా పరుచుకుంటాయి, దూరాన కొండ కొసలు మాత్రం దీవుల్లా తేలతాయి. అయితే ప్రతిరోజూ ఇలా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ముందురోజు వానపడి, గాలి లేకుండా, రాత్రి చల్లబడితే అవకాశం ఎక్కువ. "గ్యారంటీగా మబ్బులు చూపిస్తాం" అని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఫొటో కోసం అంచుకు వెళ్లకండి. మంచు తడికి గడ్డి జారుతుంది, మబ్బు కప్పేసినప్పుడు అంచు ఎక్కడుందో కనిపించదు.

వచ్చేటప్పుడు పాడేరు ఘాట్‌లో మోదకొండమ్మ తల్లి పాదాల గుడి దగ్గర దాదాపు ప్రతి డ్రైవరూ బండి ఆపుతాడు. దిగి దండం పెట్టుకుని, కాస్త కాళ్లు చాపుకోండి. ఘాట్ దిగాక మాడుగులలో హల్వా కొనుక్కోకుండా రావడం అన్యాయం. గోధుమ పాలతో చేస్తారు, కొన్ని రోజులు నిల్వ ఉంటుంది.

8. ఊళ్లలో ఎలా మెలగాలి

ఈ కొండలు బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, కోందు, పోర్జా, గదబ ప్రజల ఊళ్లు. మనం వాళ్ల వాకిట్లోకి వెళ్తున్నాం. ఫొటో తీసేముందు అడగండి. తల తిప్పేసుకుంటే అదే జవాబు. పెద్దవాళ్లను అమ్మా, అయ్యా అని పిలవండి, "మీరు" అనే మాట్లాడండి. వయసు చూడకుండా "ఏయ్, ఇలా రా" అనే నగరవాసులను చూసి నాకు చాలా బాధేస్తుంది. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచకండి, బండి కనపడగానే బడి మానేసి రోడ్డెక్కే అలవాటు అవుతుంది. ఇవ్వాలనుంటే ఆ ఊరి పాఠశాలకు ఏం కావాలో గైడ్ ద్వారా కనుక్కోండి. థింసా (గిరిజనుల బృంద నృత్యం) ఆడించుకుంటే ముందే మాట్లాడుకున్న డబ్బు ఆడినవాళ్ల చేతికే ఇవ్వండి.

తేనె, పసుపు, కాఫీ పొడి కొనాలంటే రోడ్డుపక్క సీసాల్లో ఏముందో తెలియదు. గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ దుకాణాల్లో కొనండి. 1956లో మొదలైన ఆ సంస్థ గిరిజనుల దగ్గరే సరుకు కొని అమ్ముతుంది. సంత రోజు తగిలితే అడ్డాకులు, దుంపలు, చోళ్లు (రాగులు) నేరుగా అమ్మే ఆడవాళ్ల దగ్గర తీసుకోండి. వాటర్ బాటిళ్లు, ప్లాస్టిక్ కవర్లు ఒక సంచిలో వేసి నగరానికి తెచ్చేయండి. ఆ సంచి బండిలో పెట్టమని గైడ్‌కి ముందురోజే చెప్పండి.

9. దిగేముందు

ఎవరు ఎక్కడ దిగుతారో ఘాట్ దిగిన వెంటనే, ఎస్.కోటలోనో చోడవరంలోనో టీ తాగేటప్పుడే తేల్చుకోండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లను ఇంటి సందు దాకా దింపాలని గట్టిగా అడగండి. ఎన్‌ఏడీ దగ్గర రాత్రి తొమ్మిదింటికి ఆటో కోసం నిలబడే పరిస్థితి ఉండకూడదు. మిగిలిన డబ్బు నిర్వాహకుడికి పంపినా, గైడ్‌కి, డ్రైవర్‌కి ఇచ్చేది మాత్రం విడివిడిగా వాళ్ల చేతిలోనే పెట్టండి. గైడ్ కొండమీదే దిగిపోయే మనిషైతే, సాయంత్రం అతను దిగే ఊరు రాకముందే ఆ పని చేసేయండి.